హారం మంచిదో కాదో ఎవరు చెప్పాలి? గీటురాయి నుంచి ఆరక్షరాల కోడ్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. పోయిన నెల మా పిన్ని కూతురు ఒక నగల షాపులో కూర్చుని నాకు వీడియో కాల్ చేసింది. దానికి పెళ్ళి కుదిరింది. ముందు మూడు హారాలు పెట్టుకుని, "అక్కా, నువ్వు హిస్టరీ అంటూ తెగ చెప్తుంటావుగా, ఈ మూడిట్లో ఏది మంచిదో చెప్పు" అంది. నేను ఫోన్‌లో చూసి ఏం చెప్తాను? మూడూ మెరుస్తున్నాయి. "ఇవాళ కొనకు, రెండు రోజులాగు" అని మాత్రం అన్నాను.

అలా అనడానికి కారణం మా అమ్మమ్మ కాసుల పేరు. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ తప్పుగా తెలుసు. నాకే ఈ మధ్య అర్థమైంది. ఇవాళ ఆ కథ, దాని వెనకున్న రెండు వేల ఏళ్ళ కథ కలిపి చెప్తాను. చివర్లో మా చెల్లికి ఏం చెప్పానో అదీ చెప్తాను.

మా అమ్మమ్మ పెళ్ళి 1961లో జరిగింది. వాళ్ళ నాన్నగారు ఆరు సవరన్లు దాచారు. సవరన్ అంటే బ్రిటిష్ వాళ్ళ బంగారు నాణెం. బరువు 7.98 గ్రాములు, స్వచ్ఛత 22 క్యారెట్లు. 1918లో కొన్నాళ్ళు బొంబాయిలో కూడా వాటిని ముద్రించారు. ఈ రోజుకీ మనవాళ్ళు "కాసు బంగారం" అంటే ఎనిమిది గ్రాములనే లెక్క వేస్తారు కదా, అది ఈ నాణెం బరువే. ఆ ఆరు సవరన్లూ కరిగించి కాసుల పేరు చేయమని ఊళ్ళో ఆచారి గారికి ఇచ్చారు. ఆయన వాళ్ళింటి అరుగు మీదే కుంపటి పెట్టుకుని, ఊదుగొట్టంతో ఊదుతూ, ఇంటిల్లిపాదీ చూస్తుండగా రోజుల తరబడి కూర్చుని చేశారట. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న చిన్న చిన్న కాసులు, అరవై. పని అయ్యాక త్రాసులో వేస్తే సరిగ్గా ఆరు కాసుల బరువు తూగింది. అందరూ సంతోషించారు.

1994లో తాతయ్యకి ఆపరేషన్. డబ్బు కావాలి. కాసుల పేరు తీసుకుని టౌన్‌లో ఒక కొట్టుకి వెళ్ళారు. కొట్టువాళ్ళు కరిగించి చూసి "ఇది ఇరవై రెండు కాదమ్మా, ఇరవై ఒకటికి వచ్చింది" అని ధర తగ్గించారు. అమ్మమ్మకి అర్థమైంది ఒక్కటే: ఆచారి మోసం చేశాడు. ఆ తర్వాత ఆయన ఏదో పని మీద ఇంటికి వస్తే, మొహం మీదే అడిగేసింది. ముసలాయన నిలబడి ఒకే మాట అన్నారట: "మాటు లేకుండా నగ ఎట్లా అవుతుందమ్మా?" అని వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మమ్మ పోయేదాకా ఆయన్ని దొంగ అనే అనుకుంది. మేమూ అదే అనుకుంటూ పెరిగాం.

ఆ "మాటు" అన్న మాట గుర్తు పెట్టుకోండి. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక ప్రశ్న. ఆచారి గారు అరుగు మీద, అందరి ముందూ ఎందుకు పని చేశారు? ఆయన కొలిమి ఆయన ఇంట్లో ఉందిగా? ఇది చాలా పాత అనుమానం. కౌటిల్యుడి అర్థశాస్త్రం పేరు వినే ఉంటారు. దాని తాళపత్ర ప్రతిని మైసూరులో శామశాస్త్రి గారు 1905లో గుర్తించారు, 1909లో అచ్చు వేశారు. అందులో రాజ్యపాలన, గూఢచారులే కాదు, బంగారం పని మీద కూడా అధ్యాయాలున్నాయి. సువర్ణాధ్యక్షుడు అని ఒక అధికారి. పని చేసే చోట ఎలాంటి కాపలా ఉండాలి, ఇచ్చిన బంగారం ఏ వన్నెతో ఇచ్చామో అదే వన్నెతో ఎలా తిరిగి తీసుకోవాలి, అన్నీ రాశాడు. పనివాడు బంగారం కాజేసే పద్ధతులు ఐదని లెక్క కూడా పెట్టాడు. త్రాసులో తేడా చేయడం, మంచి బంగారం తీసేసి తక్కువది కలపడం, లోపల సీసం ముక్క పెట్టి పైన బంగారు రేకు తొడగడం లాంటివి అందులో ఉన్నాయి.

అంటే బంగారం కొనేవాడి భయం మన కాలంలో పుట్టింది కాదు. నగల షాపులో కూర్చున్నప్పుడు మన కడుపులో తిరిగే ఆ అనుమానానికి రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది.

మరి పరీక్ష ఎలా చేసేవారు? గీటురాయి. ఒరగల్లు అని కూడా అంటాం. నల్లటి నున్నటి రాయి. నగని దాని మీద గీస్తే సన్నటి బంగారు గీత పడుతుంది. పక్కనే స్వచ్ఛత తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటి రంగూ పోల్చి చూస్తారు. తర్వాతి కాలంలో ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి చూడటం కూడా వచ్చింది. రంగు అంటే వర్ణం, వర్ణమే మన నోట్లో వన్నె అయింది. అర్థశాస్త్రం బంగారాన్ని పదహారు వర్ణాల కొలతతో లెక్క కడుతుంది. మన పెద్దవాళ్ళు "పదహారు వన్నెల బంగారం" అంటారే, ఆ లెక్క అన్నమాట. ఇప్పుడు మనం 24 క్యారెట్లు అంటున్నాం. అంతే తేడా. 24 భాగాల్లో 22 బంగారం అయితే 22 క్యారెట్లు. వందకి 91.6. అదే "916". 18 క్యారెట్లంటే 750, 14 అంటే 585.

ఇంకో దారి కూడా ఉండేది. నాణేన్నే నగగా వేసుకోవడం. దక్షిణ భారతదేశంలో రోమన్ బంగారు నాణేలు చాలా చోట్ల దొరికాయి. మన పల్నాడులో వినుకొండ దగ్గర కూడా దొరికాయి. ఇలా దొరికిన నాణేల్లో కొన్నిటికి రంధ్రాలు, కొన్నిటికి తగిలించుకోవడానికి కొక్కేలు ఉన్నాయి. అంటే చక్రవర్తి బొమ్మ ఉన్న నాణేన్ని మెడలో వేసుకున్నారు. అందానికే కావచ్చు. కానీ ఆలోచించండి, నాణెం మీద ముద్ర ఉంటుంది. దాని బరువుకీ, వన్నెకీ ఒక రాజ్యం పూచీ ఉంది. కాసుల పేరు అనే నగకి మూలం ఇలా నాణేలు గుచ్చుకోవడంలోనే ఉంది. కానీ తర్వాత లక్ష్మీదేవి బొమ్మతో అచ్చు కాసులు వచ్చాయి. చూడటానికి నాణేల్లాగే ఉంటాయి. నాణెం వెనకుండే పూచీ మాత్రం వాటికి లేదు. ఆ పూచీ చేసిన ఆచారి గారి మాటే.

ఇప్పుడు "మాటు" దగ్గరికి వద్దాం.

మాటు అంటే అతుకు. టంకం. రెండు బంగారు ముక్కల్ని కలపాలంటే, వాటికంటే తక్కువ వేడికి కరిగే లోహం మధ్యలో పెట్టాలి. లేకపోతే అతుకు కరిగేలోపే నగ కరిగిపోతుంది. అందుకని బంగారంలో రాగి, వెండి కలిపి మాటు తయారు చేసేవారు. వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట పట్టి అతికేవారు. కాబట్టి మాటు ఎప్పుడూ నగకంటే తక్కువ వన్నెలోనే ఉండేది. ఇది మోసం కాదు. అప్పుడు తెలిసిన పద్ధతి అదే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది నేను అంచనాగా వేసిన లెక్క, మా నగకి కొలిచింది కాదు. అరవై కాసులు. ఒక్కో కాసుకి రెండు అతుకులు అనుకుంటే నూట ఇరవై. ఒక్కో అతుకుకి 50 మిల్లీగ్రాముల మాటు అనుకుందాం. మొత్తం 6 గ్రాములు. నగ బరువు 48 గ్రాములు. అంటే 42 గ్రాములు 22 క్యారెట్ల బంగారం, 6 గ్రాములు మాటు. ఆ మాటులో వందకి అరవై బంగారం అనుకుంటే, 42లో 38.5, 6లో 3.6, కలిపితే 42.1 గ్రాముల అసలు బంగారం. 48లో 42.1 అంటే వందకి 87.7. క్యారెట్లలో చెప్పాలంటే ఇరవై ఒకటి.

చూశారా? కొట్టువాళ్ళు చెప్పిన అంకె అదే.

కాసు ముఖం మీద గీటురాయి పెట్టి గీస్తే 22 అనే చెప్తుంది. ఎందుకంటే గీటురాయికి పైభాగమే తెలుస్తుంది. నగ మొత్తం కరిగిస్తే అతుకులన్నీ అందులో కలిసి 21కి దిగుతుంది. ఆచారి గారి మాటా నిజం కావచ్చు, కొట్టువాళ్ళ మాటా నిజం కావచ్చు. ఇక్కడ నేను ఆచారి గారికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆరు సవరన్లిస్తే అంతే బరువు తిరిగొచ్చింది కదా, మాటులో కలిపిన రాగి బరువుకి సరిపడా బంగారం ఎటు పోయింది అని మీరు అడగొచ్చు. కొంత ఆకురాయి పొడిలో, కుంపటి బూడిదలో తరుగుగా పోయి ఉంటుంది. కొంత ఆయన ఉంచుకుని ఉండొచ్చు, ఉంచుకోకపోయి ఉండొచ్చు. ఇప్పుడు తేల్చలేం. నన్ను బాధపెట్టే విషయం అదే. మోసం చేశాడని రుజువు చేయడానికి అమ్మమ్మ దగ్గర ఏమీ లేదు. చేయలేదని రుజువు చేయడానికి ఆయన దగ్గరా ఏమీ లేదు. ఒక్క మాట తప్ప. ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు.

ఆయన జీవితంలో ఇంకో దెబ్బ కూడా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడదు కాబట్టి చెప్తున్నాను. 1962లో చైనాతో యుద్ధం. దేశం దగ్గర విదేశీ మారకం లేదు. బంగారం మీద మోజు తగ్గించాలని 1963 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చారు. కొత్తగా చేసే నగ 14 క్యారెట్లు దాటకూడదు. 22 క్యారెట్లకి అలవాటు పడ్డ చేతులు, అలవాటు పడ్డ మెడలు. 14 క్యారెట్ల నగ ఎవరికి కావాలి? దేశమంతా స్వర్ణకారుల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆత్మహత్యలు కూడా జరిగాయి. 1966లో ఆ 14 క్యారెట్ల షరతు తీసేశారు. కానీ 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి, బంగారం కడ్డీలు మామూలు మనుషులు దాచుకోకూడదంది. ఆ చట్టం 1990 దాకా ఉంది. ఈ ఏళ్ళలో బంగారం మీద ఆశ తగ్గలేదు, దొంగ రవాణా పెరిగింది. పాత తెలుగు సినిమాల్లో విలన్ ఎప్పుడూ బంగారు బిస్కెట్లు స్మగ్లింగ్ చేస్తుంటాడు కదా? ఊరికే కాదు. మా ఊరి ఆచారి గారు కూడా ఆ రోజుల్లోనే పని లేక టౌన్‌కి వెళ్ళి ఒక కొట్లో కూలికి చేరారని అమ్మ చెప్పింది.

గమనించారా? ప్రభుత్వం ఎంత వన్నె ఉండకూడదో చెప్పింది. మనం కొన్న నగలో ఎంత వన్నె ఉందో చెప్పే ఏర్పాటు మాత్రం చేయలేదు. అది ఇంకో దేశంలో చాలా ముందే జరిగింది. ఇంగ్లండ్‌లో 1300లో మొదటి ఎడ్వర్డ్ చట్టం చేశాడు. పరీక్ష చేసి చిరుతపులి తల ముద్ర వేయాలి అని. 1478 నుంచి లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ హాల్‌కే వస్తువులు తెచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. హాల్లో వేసే మార్కు కాబట్టి హాల్‌మార్క్. ఆ పేరు అలా వచ్చింది.

మన దగ్గర బీఐఎస్ బంగారానికి హాల్‌మార్క్ మొదలుపెట్టింది 2000లో. అదీ ఇష్టమున్న షాపులకే. ఆ మధ్యకాలంలో షాపుల ముందు "కేడీఎం నగలు" అని పెద్ద బోర్డులుండేవి, మీ అమ్మానాన్నల్ని అడగండి. చాలామంది అదేదో స్వచ్ఛత ముద్ర అనుకున్నారు. కాదు. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన మాటు. రాగి బదులు కొంచెం కాడ్మియం కలిపితే చాలు, 92 శాతం బంగారంతోనే మాటు తయారవుతుంది. నగ కరిగించినా వన్నె పడిపోదు. మా అమ్మమ్మ నగకొచ్చిన సమస్యకి అదొక జవాబు. కానీ కాడ్మియం పొగ అతికేవాడి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మన వన్నె కోసం పనివాడి ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. ఇప్పుడు హాల్‌మార్క్ ప్రమాణాల్లో కాడ్మియంకి చోటు లేదు. జింక్ లాంటివి వాడుతున్నారు.

2021 జూన్ 16 నుంచి, ముందు 256 జిల్లాల్లో, హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. ఆ జులై నుంచి ప్రతి నగకీ వేరే వేరే ఆరక్షరాల కోడ్, అంటే హెచ్‌యూఐడీ మొదలైంది. అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు.

ఇప్పుడు మా చెల్లికి చెప్పింది మీకూ చెప్తాను.

ఒకటి. హారం తిప్పి వెనక వైపు చూడు. మూడు గుర్తులుండాలి: బీఐఎస్ త్రికోణం గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, ఆరక్షరాల కోడ్. చాలా సన్నగా ఉంటాయి. షాపువాళ్ళని భూతద్దం అడుగు, ఇవ్వాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ కోడ్ కొట్టు. ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్ష చేశారు అన్నీ వస్తాయి. నీ చేతిలో హారం ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే, లేచి వచ్చెయ్.

రెండు. మొత్తం బరువు, నికర బంగారం బరువు వేరు వేరుగా అడుగు. ముత్యాలు, కెంపులు, పచ్చలు, గుండ్లలో ఉండే లక్క, ఇవన్నీ బంగారం ధరకి కొనొద్దు. బిల్లులో నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ విడిగా రాయాలి. తరుగు, మజూరి ఎంతో కూడా విడిగా రాయించు. తరుగు శాతం షాపుకీ షాపుకీ మారుతుంది, బేరం ఆడొచ్చు. సిగ్గు పడకు.

మూడు. అతుకులు చూడు. హారాన్ని అరచేతి మీద నుంచి జారవిడువు. నీళ్ళలా జారాలి. ఎక్కడైనా బిర్రుగా ఆగితే అతుకు బాగా పడలేదని అర్థం. కొక్కెం పదిసార్లు పెట్టి తియ్. కాసుల అంచులు మెడకి గీసుకుంటున్నాయేమో వేసుకుని చూడు. ఇరవై రెండు క్యారెట్లు మెత్తన. సన్నటి అందమైన తీగ హారం రోజూ వేసుకుంటే సాగుతుంది. వజ్రాలు పొదిగే హారాలు ఎక్కువగా 18లో చేసేది అందుకే, రాయిని గట్టిగా పట్టుకోవాలి కదా. 18 అంటే నాసిరకం కాదు. 18 అని చెప్పి 18 ధరకే అమ్మాలి, అంతే.

నాలుగు. మా చెల్లి ముందున్న మూడిట్లో ఒకటి కుందన్ హారం. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఇప్పుడు అదే మోజు. కుందన్, పోల్కీ, జడావు నగలకి తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి అక్కడ మనం మళ్ళీ 1961 అరుగు మీదికే వెళ్ళినట్టు. మాట మీదే కొంటున్నాం. కొనొద్దని కాదు. బంగారం వన్నె, బంగారం బరువు, రాళ్ళ రకం, రాళ్ళ బరువు, తిరిగిస్తే ఏ లెక్కన తీసుకుంటారు, ఇవన్నీ కాయితం మీద రాయించుకుని కొను. రాళ్ళ నగ విలువ కట్టడం ప్రభుత్వానికే తేలిక కాలేదు. నిజాం నగలు 173 వస్తువుల్ని కేంద్రం 1995లో 218 కోట్లకి కొన్నది, ఏళ్ళ తరబడి సాగిన వివాదం తర్వాత.

ఐదు. ఇంట్లో పాత నగ ఉంటే మార్చే ముందు బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళు. మామూలు వాళ్ళ నగలు కూడా పరీక్ష చేస్తారు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలని 2022లో ప్రకటించారు. కొనే షాపువాడు చెప్పే అంకె కంటే ముందు నీ దగ్గర ఒక అంకె ఉండాలి. హాల్‌మార్క్ నగలోనే వన్నె తగ్గిందని తేలితే, ఆ తేడా విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి షాపు ఇవ్వాలని బీఐఎస్ నిబంధనల్లో ఉంది. అందుకే బిల్లు పారెయ్యకు.

ఇవన్నీ విని మా చెల్లి "అక్కా, ఇంతకీ ఎవర్నీ నమ్మొద్దంటావా?" అని అడిగింది. దానికి ఆచారి గారి కథ చెప్పాను. ఆరక్షరాల కోడ్ కొనేవాళ్ళని కాపాడటానికే అనుకుంటాం. కానీ 1994లో మా అమ్మమ్మ నగ మీద అలాంటిదొకటి ఉండి ఉంటే, దానివల్ల ఎక్కువ మేలు పొందేది ఆయనే. చేసిన రోజు ఎంత వన్నె ఉందో రాసి ఉండేది. తగ్గి ఉంటే అరుగు మీదే ఆ రోజే తెలిసేది. అడిగేవాళ్ళు, ఆయన చెప్పేవాడు, మాటు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత గడప దగ్గర నిలబెట్టి అడగాల్సిన పని ఉండేది కాదు.

మా చెల్లి చివరికి మూడింటిలో అన్నిటికంటే సాదాగా ఉన్న కాసుల పేరే తీసుకుంది. కోడ్ యాప్‌లో సరిపోయింది. నికర బరువు 40 గ్రాములు. అంటే ఐదు కాసులు. స్క్రీన్‌షాట్ నాకు పంపింది. నేను దాన్ని మా అమ్మకి చూపించి లెక్కంతా చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళబ్బాయి ఆ ఊళ్ళోనే ఉన్నాడు, ఫోన్ నంబర్ కనుక్కోవాలి" అంది.

మీ ఇంట్లో కూడా పాత నగ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరు చేశారో, ఏ బంగారంతో చేశారో మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ముత్యాల కథ చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.